సహజ వనరుల పాఠం అప్పజెప్తున్నాడు కానీ చేతిలో ఉన్న సీసా దేనితో చేశారో తెలీదు, ఎలా చెప్పాలి?

రెండో బెంచీ అమ్మ:
మా వాడికి పదేళ్లు, అమ్మాయికి ఏడు. వాడికి సైన్స్‌లో సహజ వనరుల పాఠం నడుస్తోంది. గాలి, నీరు, నేల, అడవులు, ఖనిజాలు అని గడగడా అప్పజెప్పేస్తాడు, తరిగిపోయేవి ఏవి, తరగనివి ఏవి అంటే రెండేసి ఉదాహరణలు కూడా చెప్తాడు. సరే అని వాడి చేతిలో ఉన్న ప్లాస్టిక్ నీళ్ల సీసా చూపించి ఇదెక్కడి నుంచి వచ్చిందిరా అన్నాను. "షాపు నుంచి." అంతకుముందు? "ఫ్యాక్టరీ నుంచి." దానికి ముందు? బిక్కమొహం వేశాడు. చెల్లెలు మాత్రం "చెట్టుకి కాస్తుందా?" అంది, తప్పయినా కనీసం ఆలోచించింది.

ఇంకో సమస్య. పెట్రోలు అయిపోతుంది, నీళ్లు అయిపోతాయి అని వాడు ఎక్కడో విన్నాడు, అప్పట్నుంచి పడుకునే టైముకే సరిగ్గా టెన్షన్ మొదలు. మళ్లీ వాడే తెలివిగా, నీళ్లు ఆవిరై వానగా తిరిగి వచ్చేస్తాయని పుస్తకంలో ఉంది కదా, మరి కుళాయి కట్టెయ్యమని ఎందుకు తిడతావు అని అడుగుతాడు. నేను కామర్స్ చదివినదాన్ని, నా దగ్గర జవాబు లేదు. మీరంతా ఎలా చెప్తున్నారు?

చాక్‌పీసు:
ఇరవై ఏళ్లు సైన్స్ చెప్పాను, మొదటి పదేళ్లు నేనూ ఆ జాబితానే బోర్డు మీద రాయించాను కాబట్టి ఎవర్నీ తప్పు పట్టను. కానీ పాఠం తిరగేసి చెప్పాలండీ. వనరు దగ్గర మొదలుపెట్టి వస్తువు దగ్గరికి రాకండి, వస్తువు దగ్గర మొదలుపెట్టి నేలలోకి దిగండి. ఒక్క వస్తువు చాలు.

నేనైతే టూత్‌పేస్టు తీసుకుంటాను. బఠాణీ గింజంత పేస్టు రెండు వేళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా రుద్దమనండి. సన్నగా గరుగ్గా ఏదో తగులుతుంది. అది రాయి. చాలా పేస్టుల్లో అది సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, లేదా ఇసుక జాతికి చెందిన సిలికా. "రోజూ పొద్దున్నే నువ్వు నోట్లో రాయి పెట్టుకుని పళ్లు తోముతున్నావు" అని చెప్పి చూడండి, ఇంక ఆ పిల్లాణ్ణి ఆపలేరు. తర్వాత డబ్బా మీద ఏం రాసుందో వాడితోనే చదివించండి. ఫ్లోరైడ్ ఉంటే దాని మూలం కూడా ఖనిజమే. గ్లిజరిన్ ఉంటే అది చాలావరకు మొక్కల నూనెల నుంచి వస్తుంది. ట్యూబు ప్లాస్టిక్, అంటే ముడి చమురు, సహజ వాయువు. ఇక నీళ్లు ఎలాగూ ఉంటాయి. అరచేతిలో పట్టే ట్యూబులో గని, పొలం, చమురు బావి, నది అన్నీ ఉన్నాయి.

ఇంకో ఆట, పేస్టు మీద కాస్త వెనిగర్ పోయండి. కాల్షియం కార్బొనేట్ ఉంటే బుడగలు వస్తాయి, ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. సిలికా పేస్టయితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోయినా పాఠమే, ఒకే పనికి రెండు వేర్వేరు రాళ్లు వాడుతున్నారని తెలుస్తుంది.

టాప్ బెంచ్:
ఇంత కష్టం ఎందుకండీ, పెట్రోలు డైనోసార్ల నుంచి వచ్చిందని చెప్పండి, ఎగిరి గంతేస్తారు.

చాక్‌పీసు:
గంతేస్తారు, కానీ అబద్ధం కదా బాబూ. చమురు ఎక్కువగా పూర్వకాలపు సముద్రాల్లో తేలిన కంటికి కనిపించనంత చిన్న జీవుల నుంచి వచ్చింది. అవి అడుగున బురదలో పూడుకుపోయి, పైన పొరల మీద పొరలు పడి, వేడికి ఒత్తిడికి కోట్ల ఏళ్లలో చమురైంది. బొగ్గేమో చిత్తడి అడవుల్లో పెరిగిన మొక్కలు. అందులో చాలా బొగ్గు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటిది, అప్పటికి డైనోసార్లు పుట్టనే లేదు. నా అనుభవంలో పిల్లలు దీనికీ గంతేస్తారు, డైనోసార్ కంటే పాతదా అని.

గనుల మనిషి:
రాగి గనిలో కొన్నేళ్లు పనిచేశాను. టీచర్ గారు చెప్పింది బాగుంది కానీ ఒకటి మిగిలిపోయింది. గనిలో వస్తువు గడ్డలు గడ్డలుగా దొరుకుతుందని పిల్లలు అనుకుంటారు (పెద్దవాళ్లూ అనుకుంటారు, మా బంధువులు ఇప్పటికీ నన్ను రాగి ముద్దలు తవ్వేవాణ్ణే అనుకుంటున్నారు). ఇప్పుడు తవ్వే రాగి ఖనిజంలో చాలాచోట్ల రాగి నూటికి ఒక పాలు కూడా ఉండదు. కిలో రాగి కావాలంటే వంద కిలోల పైచిలుకు రాయి తవ్వి, పొడి చేసి, కడగాలి.

దీన్ని మాటల్లో చెప్తే ఎక్కదు, చేయించండి. వంద చెంచాల ఇసుకలో ఒక్క చెంచాడు చిన్న ఎర్ర పూసలు కలిపి పళ్లెంలో పోయండి. మొత్తం పూసలు ఏరమనండి. మొదటి పది దొరికినంత సులువుగా చివరి పది దొరకవు, అక్కడే వాళ్లకి విసుగొస్తుంది, రానివ్వండి. అయ్యాక పక్కన మిగిలిన ఇసుక గుట్ట చూపించి దీన్నేం చేద్దాం అని అడగండి. ఎక్కడ పోయాలి? ముందున్నట్టే సర్దగలమా? మా ఉద్యోగంలో సగం తలనొప్పి ఆ గుట్టే. పాత తీగలు, పాత ఫోన్లు పారెయ్యకూడదని ఆ తర్వాత మీరు చెప్పక్కర్లేదు.

అల్యూమినియం సంగతి కూడా చెప్పండి. సుమారు 4 టన్నుల బాక్సైట్ తవ్వితే 1 టన్ను అల్యూమినియం వస్తుంది, దాన్ని విడగొట్టడానికి విపరీతంగా కరెంటు తాగుతుంది. అదే పాత డబ్బాని కరిగించి మళ్లీ వాడితే దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది.

నిద్రపట్టని నాన్న:
రాత్రి ప్రశ్నల బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. నీళ్ల సంగతి నేనిలా చెప్పాను. ఒక లీటరు సీసా నిండా నీళ్లు పోసి, ఇది భూమ్మీద ఉన్న నీళ్లంతా అనుకో అన్నా. అందులోంచి మందు పోసుకునే చిన్న కొలత కప్పుతో 25 మిల్లీలీటర్లు తీశాను. సీసాలో మిగిలింది దాదాపు అంతా ఉప్పు నీళ్లు. కప్పులో ఉన్న మంచినీళ్లలోంచి 17 మిల్లీలీటర్ల దాకా పక్కకి పోశాం, అది మంచు. ఇంకో ఏడున్నర నేల కింద ఉంది. నదులు, చెరువులు, సరస్సులు ఎంత అంటే, డ్రాపర్‌తో ఒకటి రెండు చుక్కలు. మా అమ్మాయి ఆ చుక్కని వేలి కొస మీద పెట్టుకుని చాలాసేపు కదల్లేదు, పడిపోతుందని.

మీ వాడి ప్రశ్న మాత్రం అదిరింది. వాడు చెప్పింది నిజమే, నీళ్లు భూమి వదిలి ఎక్కడికీ పోవు. కానీ తిరిగి వచ్చేది మనకి కావలసిన చోటికి, కావలసినప్పుడు, శుభ్రంగా రావాలన్న రూలేమీ లేదు. నేల కింద నీళ్లు కొన్నిచోట్ల వేల ఏళ్ల కిందట ఇంకినవి, తోడినంత వేగంగా మళ్లీ నిండవు. పైగా కుళాయిలోకి రావాలంటే శుద్ధి చేయాలి, పంపు కొట్టాలి, దానికి కరెంటు కావాలి. తరగనివి, తరిగిపోయేవి అని రెండు గళ్లు గీసి నింపమంటారు చూడండి, నాకు అక్కడే చిరాకు. చెట్టు ఏ గడిలో వెయ్యాలి? పెరిగేదానికంటే వేగంగా నరికితే అది రెండో గడిలోకి వెళ్లిపోతుంది.

పెట్రోలు భయానికి, ఒక రోజు పొద్దున్నే లేచేసరికి ఖాళీ అన్నట్టు జరగదని చెప్పండి. తేలిగ్గా దొరికేది ముందు తీస్తారు, తర్వాతది ఇంకా లోతుకి వెళ్లి కష్టపడి తీయాలి. మా చిన్నప్పుడు ఇంకెన్నో ఏళ్లు రాదన్నారు, ఇప్పుడూ అదే అంటున్నారు, ఎందుకంటే ఆ లెక్క ఇవాళ్టి పరికరాలతో లాభసాటిగా తీయగలిగిందానికే. అలాగని ఢోకా లేదని అబద్ధం చెప్పకండి, కాల్చితే గాలికి ఏమవుతుందో వాడికి ఎలాగూ తెలుస్తుంది. ఎండ, గాలితో కరెంటు ఎలా తీస్తారో చూపించండి. మా ఇంట్లో అయితే భయం తగ్గింది ప్రశ్నలకి జవాబులు దొరికి కాదు, చేతికి పని దొరికి. ఇంకో మాట, ఇవన్నీ పగలు మాట్లాడండి.

రెండో బెంచీ అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. ఆదివారం మొత్తం దీనికే పోయింది. పూసలు ఏరడంలో మా వాడు ఇరవై నిమిషాలకి చేతులెత్తేశాడు, "మిగతావి లోపలే ఉండనీ, వాటికోసం ఇంతసేపా" అన్నాడు. గనుల మనిషి గారూ, మీ వాళ్లూ అంతేనా? చెల్లెలు ఇసుకని మళ్లీ పళ్లెంలో ముందున్నట్టు సర్దాలని చూసింది, నేల మీద పడింది ఎత్తలేక ఏడుపు ఒకటే తక్కువ.

పేస్టు మీద వెనిగర్ పోస్తే మాకు ఒక్క బుడగ కూడా రాలేదు. డబ్బా చదివితే సిలికా. వాడి మొహం వాడిపోయింది. అలమరలో ఎప్పటిదో గవ్వ ఒకటి ఉంటే దాని మీద పోశాం, దాని అంచు చుట్టూ సన్నగా బుసబుసలాడుతూ నురగ వచ్చింది. అంటే గవ్వా, సున్నపురాయీ ఒకటేనా అని వాడే అన్నాడు, నేను చెప్పలేదు! చాలా సున్నపురాయి సముద్ర జీవుల గుల్లల నుంచే తయారైందని ఇద్దరం కూర్చుని చదువుకున్నాం. పడుకునేటప్పుడు పెట్రోలు ఊసెత్తలేదు.

ఇప్పుడు నా సమస్య వేరు. వెనిగర్ ఏ గనిలోంచి తవ్వుతారని మా అమ్మాయి పొద్దున్నుంచీ అడుగుతోంది.