నామ్ జూన్ పైక్: సంగీతం నుంచి టీవీకి

ప్రశ్న: వీడియో కళకు ఆద్యుడిగా పేరొందిన నామ్ జూన్ పైక్ 1932లో సియోల్‌లో పుట్టి, టోక్యోలో చదివి, సంగీతం కోసం జర్మనీ వెళ్లారని చదివాను. అలాంటి వ్యక్తి టీవీల వైపు ఎందుకు మళ్లారు? ఆ టీవీలు పాడైతే కళాకృతుల గతి ఏమిటి?

జవాబు: మళ్లారనడం కంటే, సంగీతాన్నే టీవీలోకి తీసుకువెళ్లారనడం సబబు. 1958లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌తో పరిచయమయ్యాక పైక్ వాయిద్యాలను చూసే తీరే మారిపోయింది. 1963లో జర్మనీ నగరం వుపర్టాల్‌లో పెట్టిన ప్రదర్శనలో పియానోల పక్కనే, బొమ్మ వంకర తిరిగేలా మార్చిన టీవీలనూ ఉంచారు. 1965 నాటి ‘మాగ్నెట్ టీవీ’లో పెట్టె పైన ఒక పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాన్ని జరిపినప్పుడల్లా పిక్చర్ ట్యూబులోని ఎలక్ట్రాన్ల పుంజం పక్కకు ఒరిగి, తెర మీది గీతలు మెలికలు తిరుగుతాయి. మీటితే పలికే వాయిద్యానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

జవాబు: నా దృష్టిలో 1974 నాటి ‘టీవీ బుద్ధ’ అంతకంటే గొప్పది. బుద్ధ విగ్రహం ఎదుట టీవీ, టీవీ వెనుక నుంచి విగ్రహాన్ని చూపే కెమెరా. విగ్రహం తన ప్రత్యక్ష బింబాన్నే చూస్తూ కూర్చుంటుంది, అంతే.

జవాబు: రెండో ప్రశ్నకు ఉదాహరణ కొరియాలోనే ఉంది. 1988లో గ్వాచన్ మ్యూజియంలో ఆయన 1,003 టీవీలతో గోపురం నిలబెట్టారు. ట్యూబులు పాతబడటంతో 2018లో ఆపివేసి, చాలా వాటిని బాగుచేసి, కొన్నింటి స్థానంలో ఎల్‌సీడీ తెరలు అమర్చి 2022లో మళ్లీ వెలిగించారు.