క్లూజ్ ట్రామ్ యాష్‌లో ఎందుకు నడవదు? ఫొటో చూసి పాత బండి ఏ ఊరిదో చెప్పడం ఎలా?

ప్రశ్న (అడిగినవారు: పట్టాల_పద్మ)

రుమేనియాలోని యాష్ నగరపు పాత ట్రామ్‌ల ఫొటోలు ముప్పై దాకా ఉన్నాయి. తెలుగు వికీలో వ్యాసానికి వాడాలి. మూడు సందేహాలు:

1. "జర్మనీ నుంచి తెచ్చిన పాత బండి" అని రాసి ఊరుకోవడం బాగోదు. ఏ ఊరి బండో, ఏ రకమో ఫొటో చూసి చెప్పడం ఎలా?
2. క్లూజ్, ఒరాద్యా నగరాలు బెర్లిన్ నుంచి టాట్రా కేటీ4డీ బండ్లు తెచ్చుకున్నాయి. యాష్ వాటి జోలికి ఎందుకు పోలేదు?
3. ఒక వీడియోలో బండి కింద ఆగకుండా టకటక శబ్దం. తప్పు పట్టాలదా, చక్రానిదా?

జవాబు (మీటర్‌గేజ్_మావయ్య)

పద్మ గారూ, రెండో ప్రశ్న తేలితే మొదటిది సగం తేలినట్టే. అందుకని ముందు అదే.

యాష్‌లో ట్రామ్ 1900లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు 1000 మి.మీ. ఒకప్పుడు మన సికింద్రాబాద్–మన్మాడ్ లైను ఏ కొలతలో ఉండేదో అదే, మీటర్ గేజ్. రుమేనియాలోనే ఉన్న అరాద్‌లోనూ అంతే. క్లూజ్, ఒరాద్యా, తిమిష్వారా, ప్లొయెష్ట్, గలాట్స్, బ్రయిలా మాత్రం 1435. బెర్లిన్ కూడా 1435, కాబట్టి అక్కడి బండి యాష్ పట్టాల మీద నిలబడనే నిలబడదు.

ఏ ఊరు ఎక్కడి నుంచి కొన్నదో చూడండి, అంతా గేజ్ చెప్పినట్టే నడిచింది. తిమిష్వారాకు బ్రేమెన్, ప్లొయెష్ట్‌కు పోట్స్‌డామ్, బ్రయిలాకు రాటర్‌డామ్, వియన్నా: అన్నీ 1435. యాష్ వెతుక్కోవలసింది మీటర్ గేజ్ ఊళ్ళలో. అలా వచ్చినవే స్టుట్‌గార్ట్, ఆగ్స్‌బుర్గ్, హాలే, డార్మ్‌ష్టాట్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ బండ్లు.

జవాబు (రింగ్‌రోడ్_రవి)

ఇరుసులు మార్చేస్తే సరిపోదా? బండి చౌకగా వస్తున్నప్పుడు ఆ ఖర్చు ఏపాటిది?

జవాబు (లేత్_మేస్త్రి)

రవీ, ఎంత మార్చాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది. డ్రెస్డెన్ గేజ్ 1450, లైప్‌జిగ్‌ది 1458. అక్కడి బండిని 1435కి తేవాలంటే తగ్గించాల్సింది 15 లేదా 23 మి.మీ. మాత్రమే. చక్రాన్ని ఇరుసు మీద కొంచెం లోపలికి నొక్కి కూర్చోబెట్టడమో, చక్రాల సెట్టు మార్చడమో చేస్తారు. వర్క్‌షాపులో అయిపోయే పని.

1435 నుంచి 1000 అంటే 435 మి.మీ. తగ్గాలి. రెండు చక్రాల నడుమ మోటారు, గేరు పెట్టె, బ్రేకు సామాను ఉంటాయి. వాటిని ఎక్కడ పెడతావు? చక్రాల ట్రాలీ మొత్తం కొత్తది చేయించాల్సిందే. (రైల్వే ఇంజినీర్లు బోగీ అనేది ఈ ట్రాలీనే. మనం పెట్టెనంతా బోగీ అంటాం కాబట్టి ఈ చర్చలో ట్రాలీ అనే అందాం, లేకపోతే గందరగోళం.)

ఇంకొక మాట. కేటీ4డీ అనగానే 1435 అనుకోవద్దు. ప్రాగ్‌లోని టాట్రా కర్మాగారం అదే బండిని ఎర్ఫుర్ట్, కోట్‌బుస్, గేరా లాంటి ఊళ్ళకు మీటర్ గేజ్‌లోనూ చేసి ఇచ్చింది. వ్యాసంలో రకం పేరు పక్కన ఊరి పేరు కూడా తప్పక రాయాలి.

గేజ్ కుదిరిందని బండి కుదిరినట్టు కాదు. కొనే ముందు కొలవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఫ్లాంజి (చక్రం పట్టా తప్పకుండా ఆపే లోపలి గట్టు) లోతు, చక్రపు అంచు వెడల్పు ఆ ఊరి పాయింట్లకు (లైను చీలే చోట్లకు), క్రాసింగులకు సరిపడాలి. కొన్ని ట్రామ్ క్రాసింగుల్లో చక్రం ఫ్లాంజి కొన మీద నడుస్తుంది. అరిగిపోయిన ఫ్లాంజితో వస్తే అక్కడ దబ్‌మని పడుతుంది. మలుపులో బండి ముక్కు, నడుము ఎంత బయటికి వస్తాయో ఎదురు లైనుతో చూసుకోవాలి. తీగ ఎత్తు, పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు అందుకునే పైకప్పు చట్రం) వెడల్పు, తీగలో వోల్టేజి చూడాలి. తలుపులు కుడి వైపే ఉండి ఒక కొసనే డ్రైవరు గది ఉన్న బండికి లైను చివర తిరగడానికి లూపు ఉండాలి.

జవాబు (మీటర్‌గేజ్_మావయ్య)

ఇక గుర్తుపట్టడం. రంగు చూసి చెప్పొద్దు. పాత ఊరి రంగులోనే ఏళ్ళ తరబడి తిరిగిన బండ్లున్నాయి, వచ్చీ రాగానే ఒళ్ళంతా ప్రకటన పూసుకున్నవీ ఉన్నాయి. ముందు ముక్కలు లెక్కపెట్టండి, తరువాత ఇరుసులు.

జర్మన్ పేర్లలో జీటీ అంటే మడత (రెండు ముక్కలు కలిసే, మలుపులో వంగే కీలు) ఉన్న మోటారు బండి. పక్కన అంకె ఇరుసుల సంఖ్య. జీటీ4కి నాలుగు, జీటీ6కి ఆరు, జీటీ8కి ఎనిమిది. మడత కింద ట్రాలీ ఉందా లేదా అన్నది అసలు గుర్తు. డ్యూవాగ్ (జర్మన్ ట్రామ్ కంపెనీ) రకం జీటీ6లో రెండు ముక్కలు, మూడు ట్రాలీలు. నడిమి ట్రాలీ సరిగ్గా మడత కిందే ఉంటుంది. రెండు ముక్కలకూ కలిపి రెండే ట్రాలీలు ఉండి, మడత కింద ఖాళీగా ఉంటే అది జీటీ4.

స్టుట్‌గార్ట్ జీటీ4ని ఎస్లింగెన్ యంత్ర కర్మాగారం 1959–65 మధ్య కట్టింది. పొడవు సుమారు 19 మీటర్లు, వెడల్పు 2.2. దాని ప్రత్యేకత కింద ఉంది: రెండు ట్రాలీలనూ కలుపుతూ ఒక దూలం, దాని మీద మడత. పక్క నుంచి తీసిన ఫొటోలో ముందు, వెనక కొసలు ట్రాలీ దాటి బాగా పొడుచుకువచ్చినట్టు కనిపిస్తాయి.

స్విస్ పేర్ల లెక్క వేరు. బెర్న్ నుంచి వచ్చిన బీఈ 8/8లో కింది 8 మొత్తం ఇరుసులు, పై 8 మోటారు తిప్పే ఇరుసులు. అంటే ప్రతి చక్రమూ లాగుతుంది. 1973 నాటి బండి, మూడు ముక్కలు, నాలుగు ట్రాలీలు. యాష్‌లో స్టేషన్ వైపు నుంచి కోపోవు గుట్ట ఎక్కే దారిలో అలాంటి బండికి జారుడు తక్కువ. కొన్ని ఇరుసులకే మోటారు ఉన్న బండి అదే ఎత్తు మీద తడి ఆకులు పడ్డ రోజున పట్టాల మీద ఇసుక పోసుకుంటూ ఎక్కాలి.

జవాబు (రింగ్‌రోడ్_రవి)

తిమిష్వారాలో బ్రేమెన్ జీటీ4లు తిరిగాయి కదా. అవీ ఇవీ ఒకటేనా? అయితే విడిభాగాలు ఆ రెండు ఊళ్ళు పంచుకోవచ్చు.

జవాబు (మీటర్‌గేజ్_మావయ్య)

ఒకటే పేరు, రెండు వేరు బండ్లు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్రేమెన్‌వి హన్సా, ఆ తరువాత వెగ్మాన్ కట్టినవి. గేజ్ 1435, కింద ఎస్లింగెన్ దూలం ఉండదు. వెగ్మాన్ బండ్లలో 30ని రుమేనియా ఊరు పష్కానిలోని వర్క్‌షాపు తిరగకట్టి ఇచ్చింది. తిమిష్వారాలో వాటి పేరు అర్మోనియా. విడిభాగాలు పంచుకోవాలంటే పేరు కాదు, కట్టినవాడు కలవాలి. యాష్, అరాద్ రెండూ ఎస్లింగెన్ జీటీ4లు కొన్నవే, పంచుకుంటే ఆ రెండూ పంచుకోవాలి.

జవాబు (లేత్_మేస్త్రి)

పద్మ గారి మూడో ప్రశ్నకు. వీడియోలో లెక్కపెట్టి తేల్చవచ్చు.

చక్రం వ్యాసం సుమారు 67 సెం.మీ. అనుకోండి, చుట్టుకొలత 2.1 మీటర్లు. గంటకు 30 కి.మీ. అంటే సెకనుకు 8.3 మీటర్లు, చక్రం సెకనుకు నాలుగు సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో 5 సెకన్లలో 20 దెబ్బలు వినిపించి, వేగం తగ్గితే దెబ్బలూ తగ్గుతూ, ఏ వీధిలోనైనా అలాగే ఉంటే చక్రం ఒకచోట చదునైంది. శబ్దం ఒకే చోట మాత్రమే వచ్చి, టక్-టక్, కొంచెం ఆగి మళ్ళీ టక్-టక్ అని జంటగా పడితే అది పట్టా అతుకు. ట్రాలీలో రెండు ఇరుసులూ ఒకదాని వెంట ఒకటి దాటుతున్నాయి. దెబ్బలు విడివిడిగా లేకుండా మూలిగినట్టు వస్తే పట్టా పైభాగం అలలు తేలింది.

చక్రం చదును కావడానికి మామూలు కారణం బ్రేకు వేసినప్పుడు తిరగడం ఆగి పట్టా మీద ఈడ్చుకుపోవడం. ఆకులు రాలే కాలంలో ఎక్కువ. ఇసుక గొట్టం మూసుకుపోయినా, ఇసుక తడిసి గడ్డకట్టినా అదే జరుగుతుంది. ఇసుక ఆరబెట్టి జల్లెడ పట్టింది కావాలి. చదునును లేత్ మీద తీసేస్తారు కానీ, ఒక చక్రం తగ్గితే అదే ఇరుసు మీది రెండో చక్రాన్నీ అదే కొలతకు తేవాలి. మోటారు ఒకటే రెండు ఇరుసులనూ తిప్పే ట్రాలీ అయితే నాలుగు చక్రాలనూ. ఒక చిన్న చదునుకు నాలుగు చక్రాల ఆయుష్షు పోతుంది. విడిగా చక్రపు పట్టీలు దొరకని ఊళ్ళో లేత్ దాకా తీసుకెళ్ళక శబ్దంతోనే నడపడం అందుకే.

పాత బండ్లలో మిగతా జబ్బులు కూడా చెబుతాను, వ్యాసానికి పనికొస్తాయి. బయల్దేరేటప్పుడు ఒకే మెట్టు దగ్గర ప్రతిసారీ కుదుపు వస్తే కంట్రోలర్‌లో (డ్రైవరు మెట్టు మెట్టుగా వేగం పెంచే స్విచ్చులో) ఆ మెట్టు కాంటాక్టు కాలిపోయింది. మంచు కరిగే రోజుల్లో ఉప్పునీళ్ళు మోటారులోకి చిమ్మి కమ్యుటేటర్ (మోటారులో బ్రష్‌లు రాసుకునే రాగి చుట్టు) మీద మెరుపు కొడుతుంది. కార్బన్ బ్రష్‌లు కొలతకు తగ్గాయేమో ఆ నెలల్లో తరచు చూడాలి. అన్నిటికంటే ముఖ్యం 24 వోల్టుల బ్యాటరీ. పట్టాను పట్టుకునే అయస్కాంత బ్రేకు దాని మీదే పనిచేస్తుంది. తీగలో కరెంటు పోయినా ఆ బ్రేకు పడాలి కాబట్టి బ్యాటరీ దిగిపోయిన బండిని డిపో గేటు దాటించకూడదు. తుప్పు సంగతికొస్తే, తలుపు మెట్టు కింద, ట్రాలీ మీద పెట్టె కూర్చునే అడ్డదూలం దగ్గర పొడిచి చూడాలి. పక్క రేకు మీది రంగు ఎంత మెరిసినా లాభం లేదు.

ఇరవై బండ్లు నడపాలనుకునే ఊరు ఇరవైనే కొంటే తప్పు చేసినట్టు. విప్పుకోవడానికి కొన్ని అదనంగా తెచ్చుకోవాలి. తయారీ ఆగిపోయిన బండికి గేరు పెట్టె, కంట్రోలర్ మరో బండిలోంచే రావాలి.

జవాబు (రింగ్‌రోడ్_రవి)

బస్సుల సంగతి? వాటికి గేజ్ గొడవ లేదు కదా.

జవాబు (మీటర్‌గేజ్_మావయ్య)

లేదు, అదే చిక్కు. ఎక్కడి నుంచైనా ఏదైనా కొనొచ్చు కాబట్టి ఐదు ఊళ్ళ నుంచి ఐదు రకాలు వచ్చి చేరతాయి. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు. ఐదు రకాల ఇంజన్లకు ఐదు రకాల ఫిల్టర్లు, బెల్టులు, బ్రేకు లైనింగులు స్టోరులో పెట్టాలి. మెర్సిడెస్ ఓ405 లాంటిది ఒకే రకం పదిహేను దొరికితే కిలోమీటర్లు కొంచెం ఎక్కువ తిరిగినవైనా అవే నయం. పొడవు బస్సులో మడత కీలు, దాని రబ్బరు గుడారం, కింద ఫ్రేము చూడాలి. ఇంజను మారిస్తే మారుతుంది, ఫ్రేము తుప్పు పట్టాక బస్సు ఉండదు.

పట్టాల_పద్మ

లెక్కపెట్టాను. 30 కి.మీ. దగ్గర 5 సెకన్లలో 19 దెబ్బలు, అన్ని వీధుల్లోనూ. చక్రమే అన్నమాట. 14వ ఫొటోలో మూడు ముక్కలు, నాలుగు ట్రాలీలు: బెర్న్ అని రాసేయనా? 22వది రెండు ముక్కలు, మడత కింద ఖాళీ. స్టుట్‌గార్ట్ అని రాయనా?

జవాబు (మీటర్‌గేజ్_మావయ్య)

14కి తొందరపడకండి. జీటీ8కీ మూడు ముక్కలు, నాలుగు ట్రాలీలే. డార్మ్‌ష్టాట్ ఎనిమిది ఇరుసుల బండి కూడా అలాగే లెక్కకొస్తుంది. ముందు అద్దం ఆకారం, తలుపుల సంఖ్య పోల్చి చూశాకే బెర్న్ అనండి.

22వది "ఎస్లింగెన్ తయారీ, మొదట స్టుట్‌గార్ట్" అనవచ్చు. స్టుట్‌గార్ట్ నుంచే వచ్చింది అనకూడదు. ఆగ్స్‌బుర్గ్, హాలే లాంటి ఊళ్ళు స్టుట్‌గార్ట్ దగ్గర పాతవి కొని నడిపి, మళ్ళీ అమ్మాయి. కొన్ని యాష్‌కు మూడో చేతి బండ్లుగా వచ్చాయి. తేల్చేది పాత నంబరు, డ్రైవరు గది దగ్గరి తయారీ రేకు, తలుపు మీద చెరపకుండా వదిలేసిన జర్మన్ అక్షరాలు. మీ ఫొటోలో వెనక తలుపు పైన ఏదో రాత సగం కనిపిస్తోంది. వికీకి ఎక్కించేటప్పుడు ఆ అంచు కత్తిరించకండి, అసలు సైజులోనే పెట్టండి.