కార్నార్వన్ గోర్జ్‌కి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ప్రశ్న: జూలైలో బ్రిస్బేన్ నుంచి కారులో క్వీన్స్‌లాండ్‌లోని కార్నార్వన్ గోర్జ్ అనే లోయకి వెళ్దామనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎక్కువ నడవలేకపోతే అంత దూరం వెళ్లడం దండగేనా?

జవాబు: దండగేం కాదండీ, కానీ పేరున్నవన్నీ నడిచే చూడాలి. ఆర్ట్ గ్యాలరీకి (ఆదివాసుల పాత బొమ్మలున్న రాతి గోడ) పోనూ రానూ దాదాపు 11 కిలోమీటర్లు, పైగా దారిలో వాగుని రాళ్ల మీద అడుగులేస్తూ చాలాసార్లు దాటాలి. ఆంఫిథియేటర్‌కి (చుట్టూ ఎత్తైన రాతి గోడలున్న చోటు) నిటారు ఇనుప మెట్లెక్కాలి, అమ్మగారికి అది వద్దు. వాగు పక్కన చిన్న నేచర్ ట్రెయిల్ ఉంది, పొద్దున్నే చప్పుడు చేయకుండా నిలబడితే ప్లాటిపస్ (బాతు ముక్కు లాంటి మూతి ఉండే నీటి జంతువు) కనిపించొచ్చు.

జవాబు: మీరు మాత్రం ఆర్ట్ గ్యాలరీ వదలకండి. 62 మీటర్ల ఇసుకరాతి గోడ మీద 2000 పైచిలుకు బొమ్మలు, చెక్కడాలు ఉన్నాయి. చేతిని గోడకి ఆనించి, చుట్టూ నోటితో ఎర్రమట్టి రంగు ఊదితే చేతి ఆకారం ఖాళీగా మిగిలిపోతుంది, బూమరాంగ్‌లూ అలాగే వేశారు. బిడ్జారా, కరింగ్బల్ అనే అక్కడి ఆదివాసులకి పవిత్రమైన చోటు, ముట్టుకోకండి. మాస్ గార్డెన్ (నాచు పట్టిన రాతి గోడ) కూడా బావుంటుంది: రాతిలోకి ఇంకిన వాన నీరు కింద షేల్ అనే నీరు ఇంకని రాతి పొర దగ్గర ఆగి గోడలోంచి ఊరుతూ ఉంటుంది.

జవాబు: దగ్గర్లోని ఊళ్లు రోల్‌స్టన్‌లోనో ఇంజూన్‌లోనో పెట్రోల్ ఫుల్ చేయించండి. లోపల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జూలై రాత్రుళ్లు సున్నా కిందికి కూడా పడిపోతుంది, టెంట్ అయితే పెద్దవాళ్లకి కష్టం.