సత్నామ్ సింగ్ మొదటి ఏండ్లు ఎట్ల గడిచినయ్? మా పోరన్ని బాస్కెట్‌బాల్‌ల ఏస్తున్నం, తెల్సినోళ్లు చెప్పుండ్రి

జడ్చర్ల_బాబాయి:
అందరికి నమస్తే. మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, ఇంకా పెరుగుతుండు. ఎస్‌జీఎఫ్ (బడి పిల్లల) ఆటల్ల జిల్లా టీముకు తీస్కున్నరు. అప్పటిసంది ఇంట్ల ఒకటే ముచ్చట, సత్నామ్ సింగ్ తీరు వీడు గూడ అమెరికా దాంక పోతడా అని. సత్నామ్ ఏ వయసుల మొదలువెట్టిండు, మొదట్ల ఆయనకు ఏం నేర్పిన్రు? మావోన్ని ఇప్పుడే బయట అకాడమీకి పంపాల్నా, పది అయినంక పంపాల్నా? సదువు సంగతేంది? పోరడు మోకాళ్లు గుంజుతున్నయ్ అంటుండు, దాని గురించి గూడ చెప్పుండ్రి.

పాలమూరు_పాయింట్‌గార్డ్:
అన్నా, సత్నామ్‌ది పంజాబ్‌ల బర్నాలా జిల్లా, బల్లో కే అనే ఊరు. నాయిన రైతు, ఆయన గూడ ఏడడుగుల మనిషి. ఆయనకు చిన్నగున్నప్పుడు ఆడాల్నని ఉండె, ఇంట్ల ఒప్పుకోలే. అందుకే కొడుకును పదేండ్ల వయసుల లుధియానా అకాడమీల ఏసిండు. ఆడ కోచ్ ఎస్. సుబ్రమణియన్ సార్. పద్నాలుగేండ్లకు, 2010ల, స్కాలర్‌షిప్ మీద అమెరికాల ఫ్లోరిడాల ఐఎంజీ అకాడమీ అనే ఆటల బడికి పోయిండు. పోయిననాడు ఇంగ్లీష్ రాదు. పదహారు నిండకముందే, 2011ల, సీనియర్ ఇండియా టీముకు ఆడిండు. 2015ల ఎన్‌బీఏ (అమెరికా పెద్ద లీగ్) డ్రాఫ్ట్‌ల, అంటే టీములు వంతులవారి కొత్త ప్లేయర్లను ఏరుకునే కాడ, 52వ నెంబరుకు డాలస్ మావరిక్స్ టీమువాళ్లు తీస్కున్నరు. ఇండియాల పుట్టినోడు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌ల ఎంపికైంది అదే మొదటిసారి.

ఒక్కటి చూడుండ్రి, పైసలున్నోళ్ల పోరడు గాదు ఆయన. ఊరికి దగ్గర్ల ఒక మంచి అకాడమీ ఉండె, అంతే. మన పాలమూర్ల ఎంతమంది పొడుగు పోరగాండ్లు అమ్మనాయినతోని బొంబాయికి, పూణెకు వలస పోయి సెంట్రింగ్ పనుల్ల పడ్డరో నేను కండ్లార చూసిన. మా ఈడోళ్లల్ల నాకన్న బాగ ఆడేటోళ్లు గూడ పోయిన్రు.

పీఈటీ_దేవరకొండ:
తమ్ముడూ, నేను చాలా ఏండ్ల నుంచి జిల్లా టీములు తయారు చేస్తున్న. నా దగ్గర ఆడినోళ్లు పోలీసులల్ల, రైల్వేలల్ల ఉన్నరు. కాబట్టి అనుభవం మీద చెప్తున్న. ఇంత ఎత్తున్న పిల్లోడు దొరికితే వేరే ఆలోచన పెట్టుకోవద్దు. రింగ్ కింద నిలబెట్టాలె. రీబౌండ్ (రింగుకు తగిలి వచ్చిన బాల్) పట్టుడు, పట్టింది మళ్ల వేసుడు, స్క్రీన్ పెట్టుడు (మనోని కోసం ఎదుటోనికి అడ్డం నిలబడుడు). ఈ మూడు రోజూ చేయించండి. డ్రిబ్లింగ్ చేసేటోళ్లు ప్రతి బడిల దొరుకుతరు, ఎత్తు దొరకదు. సత్నామ్‌ను తీసుకున్నది 7 అడుగుల 2 అంగుళాలు చూసే.

సూర్యాపేట_సెంటర్:
సార్, మీ మీద గౌరవం ఉంది, కని ఈ మాట చదువుతుంటే నా కడుపు మండుతుంది. నేను గట్ల రింగ్ కింద నిలబెట్టిన పోరన్నే. బడిల అందరికన్న నేనే పొడుగు. ఆరో తరగతి సంది ఇంటర్ దాంక బాల్ చేతికొస్తే గార్డుకు (బాల్ నడిపిచ్చేటోనికి) ఇచ్చెయ్ అన్నరు, కింద కొడితే తిట్టిన్రు. యూనివర్సిటీ సెలక్షన్లకు పోయిన్నాడు చూస్తే నాకన్న పొడుగోళ్లు గార్డులు ఆడుతున్నరు. నన్ను మూడో నెంబరుల, అంటే రింగ్‌కు దూరంగ ఆడే జాగల, ఆడమన్నరు. నాకు ఎడమ చేతితోని బాల్ నడవదు, పదిహేనడుగుల కాడికెళ్లి షాట్ లేదు. పదిహేను నిమిషాలల్ల బయటికి పంపిన్రు. జిల్లా మీట్ల కప్పులు మాత్రం మా సార్ గెల్చుకున్నడు.

ఆ పిల్లోని చేతికి బాల్ ఇయ్యుండ్రి. దయచేసి.

పీఈటీ_దేవరకొండ:
ఒక్కరికి జరిగినదాన్ని పట్టుకొని అందరు కోచ్‌లను అనొద్దు. చైనా ప్లేయర్ యావో మింగ్ 7 అడుగుల 6 అంగుళాలు. 2002ల డ్రాఫ్ట్‌ల మొదటి నెంబరు. ఆయన గార్డ్ ఆడిండా?

గద్వాల_వారియర్స్:
సార్, యావో మింగ్ ఫ్రీ త్రోలు (ఎవ్వరు అడ్డం రాకుండ వేసే షాట్లు) వందకు 83 కొట్టేటోడు. రింగ్ కింద నిలబడ్డందుకు రాలే గది, చిన్నప్పటి సంది షాట్ నేర్పిన్రు కాబట్టి వచ్చింది.

సత్నామ్ కథల అందరు వదిలేసే సంగతి ఒకటుంది. 2015 జూన్ 16న గోల్డెన్ స్టేట్ టీము ఎన్‌బీఏ టైటిల్ గెల్చింది. ఫైనల్స్ నాలుగో మ్యాచ్ సంది ఏడడుగుల బోగట్‌ను బెంచ్ మీద కూసోవెట్టి ఇగోడాలాను దించిన్రు, 6 అడుగుల 6 అంగుళాల డ్రేమండ్ గ్రీన్ సెంటర్ (రింగ్ కింద నిలబడే జాగ) ఆడిండు. సిరీస్ గాడ్నే తిరిగింది. ఆ జూన్ 25న సత్నామ్ డ్రాఫ్ట్. అంటే పొడుగోడు రింగ్ కింద నిలబడే ఆట ఎనుకకు పోతున్న నెలల్నే ఆయన లోపలికి పోయిండు. మూడు పాయింట్ల గీత కాడ గార్డు ఎనుక ఉరికే కాళ్లు ఉండాలె, ఆయనకు గది కష్టమైంది. రెండు సీజన్లు డాలస్ వాళ్ల డీ-లీగ్ (ఎన్‌బీఏ కింది లీగ్) టీము టెక్సాస్ లెజెండ్స్‌లనే, అది గూడ ఎక్కువ బెంచ్ మీదనే. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటి గూడ ఆడలే.

ఎన్‌బీఏ సెంటర్ యోకిచ్‌ను చూడుండ్రి. 2014ల 41వ నెంబరు. ఎగరడు, జోరుగ ఉరకడు. కని ఆ పాస్! 7 అడుగుల మనిషికి గార్డు చేతులు.

పీఈటీ_దేవరకొండ:
టీవీల చూసుడు వేరు, గ్రౌండ్‌ల నలభై మంది పిల్లలకు ఒక్క బాల్‌తోని నేర్పుడు వేరు. నాకు దొరికేది గంట. ఆ గంటల ఎవరికి ఏం నేర్పాల్నో నాకు తెలుసు. మీరొచ్చి ఒక్క టీమును తయారు చేసి చూపియ్యండి, తర్వాత మాట్లాడండి.

సూర్యాపేట_సెంటర్:
నలభై మందికి ఒక్క బాల్ అనేది నిజం సార్, ఆ బాధ నాకు తెల్సు. కని ఉన్న ఒక్క బాల్ అందరి చేతులకు రావాలె గద. పొడుగోడు అయినందుకు వాని వంతు ఎందుకు పోవాలె? మీరు కోపానికి వస్తున్నరు, జవాబు మాత్రం చెప్తలేరు.

నల్లగొండ_అక్క:
బాల్ ముచ్చట వచ్చింది కాబట్టి నేనొకటి అడుగుత. అమ్మాయిల గురించి ఒక్కరన్న రాసిన్రా? మేం ఆడినన్ని రోజులు మాకు సొంత బాల్ లేదు. అబ్బాయిలు ఆడి ఇచ్చిన 7 సైజుతోనే ప్రాక్టీస్, మ్యాచ్‌ల మాత్రం 6 సైజు. చేతికి ఒక బరువు అలవాటు అయితది, మ్యాచ్‌ల షాట్లన్నీ రింగు దాటి పోతయ్. ఓడిపోతే అమ్మాయిలకు ప్రాక్టీస్ లేదు అంటరు.

గీతూ అన్నా జోస్ అని కేరళ ప్లేయర్. సదరన్ రైల్వేల ఉద్యోగం చేసుకుంట ఆస్ట్రేలియాల రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది, 2011ల అమెరికాకు పోయి డబ్ల్యూఎన్‌బీఏ (ఆడోళ్ల ఎన్‌బీఏ) టీముల ట్రయల్స్ ఇచ్చింది. సత్నామ్ డ్రాఫ్ట్‌కు నాలుగేండ్ల ముందు! ఆ పేరు ఇక్కడ ఎంతమందికి తెల్సు?

వనపర్తి_వాలీబాల్:
బాబాయి, 6 అడుగుల 3 అంగుళాలు అంటే వాలీబాల్‌ల ఏయుండ్రి. ఉమ్మడి పాలమూరు ఊర్లల్ల ప్రతి బడిల నెట్ ఉంటది, ఆడించే సీనియర్లు ఉంటరు. ఇప్పుడు ప్రైమ్ వాలీబాల్ లీగ్‌ల హైదరాబాద్ టీము గూడ ఉన్నది. బాస్కెట్‌బాల్‌కు ఊర్ల రింగన్న ఉన్నదా మీకు?

పాలమూరు_పాయింట్‌గార్డ్:
పోరనికి బాస్కెట్‌బాల్ ఇష్టం అని జిల్లా టీముకు పోయిండు అన్నా. మధ్యల ఆట మార్పియ్యకుండ్రి.

వనపర్తి_వాలీబాల్:
ఇష్టం ఒకటే సరిపోతదా? ఉద్యోగం గూడ చూడాలె. ఇండియా టీముకు ఆడిన అమ్రిత్‌పాల్ సింగ్ కబడ్డీ నుంచే కదా బాస్కెట్‌బాల్‌కు వచ్చింది, అది గూడ మస్తు లేటుగ. 2017ల ఆస్ట్రేలియాల సిడ్నీ కింగ్స్ టీముకు ఆడిండు. ఆట మార్చుడు తప్పేం గాదు.

గద్వాల_వారియర్స్:
అమ్రిత్‌పాల్ పేరు తెచ్చినవ్ కాబట్టి చెప్తున్న, 2014ల ఆసియా కప్‌ల చైనాను 65–58తోని ఓడగొట్టిన టీముల ఆయన ఉన్నడు, అమ్‌జ్యోత్ ఉన్నడు, విశేష్ భృగువంశి ఉన్నడు. చైనాల, వాళ్ల సొంత గడ్డ మీద. ఇంతవరకు మన బాస్కెట్‌బాల్‌ల అంతకన్న పెద్ద గెలుపు నాకు కనవడలే. మన దగ్గర పేపర్ల మూల ఇంత ముక్క వేసిన్రు. నాకు ఇప్పటికి బాధైతది.

మిర్యాలగూడ_జిమ్:
సత్నామ్ కథలో పిల్లలకి చెప్పాల్సింది డోపింగ్ సంగతి. 2020లో నాడా (దేశంలో డోపింగ్‌ని పట్టే సంస్థ) రెండేళ్లు నిషేధం పెట్టింది. నాకు తెలియకుండా శరీరంలోకి పోయిందని ఆయన అన్నాడు, అయినా శిక్ష తప్పలేదు. ఆ తర్వాత రెజ్లింగ్ షోలకు వెళ్లిపోయాడు. మా జిమ్‌కి వచ్చే పదో తరగతి పిల్లలు కూడా పౌడర్ల డబ్బాలు పట్టుకొస్తున్నారు, అన్నా ఇది తాగొచ్చా అని. డబ్బా మీద రాసిందే లోపల ఉంటుందని గ్యారంటీ లేదు. పప్పు, గుడ్లు, పాలు, జొన్నరొట్టె పెట్టండి చాలు. ఏ పౌడరూ వద్దు.

జడ్చర్ల_బాబాయి:
అందరికి దండాలు. పౌడర్ ముచ్చట మంచిగ చెప్పిన్రు, ఇంట్ల సదివి వినిపిచ్చిన. కని సదువు గురించి, మోకాళ్ల గురించి ఎవ్వరు చెప్పలే.

నల్లగొండ_అక్క:
సదువు గురించి నేను చెప్త అన్నా, ఎందుకంటే సత్నామ్ దారి మలిగింది గాడనే. అమెరికాల పెద్ద ప్లేయర్లు ముందు కాలేజీ టీముకు ఆడతరు. అది దొరకాల్నంటే మార్కులు, ఇంగ్లీష్ పరీక్షలు కావాలె. సత్నామ్‌కు సదువు కాడ ఆగిపోయింది, కాలేజీకి ఆడలేకపోయిండు. ఐఎంజీ నుంచి సీదా డ్రాఫ్ట్‌కు పోయిండు. కాలేజీల రెండు మూడేండ్లు రోజూ మ్యాచ్‌లు ఆడుంటే ఆ కాళ్లు, ఆ చేతులు వేరే తీరు ఉండేటివి అని నా నమ్మకం. అందుకే పది అయ్యేదాంక ఇంటికాడ ఉంచుండ్రి. ఇంగ్లీష్ మాట్లాడుడు ఇప్పటి సందే మొదలువెట్టియ్యుండ్రి.

మోకాళ్లు అంటే, చిప్ప కింద ఎముక బుడిపె కాడ నొప్పా? జోరుగ ఎత్తు పెరిగే పిల్లలకు ఆడ నొప్పి వస్తది. తొడ కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ ఆ బుడిపెను గుంజుతది, ఆ ఎముక ఇంకా గట్టిపడలే. సిమెంట్ కోర్టు మీద ఎగిరితే ఇంకా ఎక్కువైతది. కొన్ని దినాలు ఎగురుడు బంద్ పెట్టి, ఐసు పెట్టి, ఎముకల డాక్టరుకు చూపెట్టుండ్రి. నొప్పి మీద ఆడిపియ్యకుండ్రి. నేను ఆడిన, ఇప్పటికి మెట్లు ఎక్కాల్నంటే మోకాలు పట్టుకుంటది.

జడ్చర్ల_బాబాయి:
అక్కా, గాడనే నొప్పి. సోమవారం పాలమూరు తీస్కపోత.

పీఈటీ_దేవరకొండ:
ఎగురుడు బంద్ పెట్టినన్ని రోజులు నిలబడి ఫ్రీ త్రోలు, గోడకు పాస్‌లు చేయించండి. ఎడమ చేతితోని కూడా.

సూర్యాపేట_సెంటర్:
సార్, ఎడమ చేతి మాట మీరే చెప్పిన్రు. గదే నేను అడిగింది.

పీఈటీ_దేవరకొండ:
నొప్పి ఉన్న పిల్లోని సంగతి చెప్పిన. సెంటర్ ప్లేస్ గురించి నా మాట మారలే.

కొల్లాపూర్_నాన్న:
మధ్యలొచ్చినందుకు ఏమనుకోకుండ్రి. మా బిడ్డ ఏడో తరగతి, 5 అడుగుల 8 అంగుళాలు. నల్లగొండ అక్క చెప్పిన 6 సైజు బాల్ యాడ దొరుకుతది? ఇక్కడ దుకాణాలల్ల 7 సైజే ఉన్నది.

నల్లగొండ_అక్క:
అన్నా, హైదరాబాద్ పోతే కోఠి, ఆబిడ్స్ కాడ స్పోర్ట్స్ దుకాణాలల్ల అడుగుండ్రి. రబ్బరుది తీస్కోండ్రి, తోలుది సిమెంట్ మీద నెలకే గీకపోతది. గాలి సూది గూడ అడిగి తీస్కోండ్రి.