హుస్తో రుఫీనో బార్రియోస్: సంస్కర్తా, వెట్టిచాకిరీని చట్టం చేసినవాడా?

ప్రశ్న

1873 నుంచి 1885లో చనిపోయేవరకు గ్వాటెమాలాను ఏలిన హుస్తో రుఫీనో బార్రియోస్ గురించి చదివేకొద్దీ నాకు అయోమయం పెరుగుతోంది. మతస్వేచ్ఛను చట్టం చేసింది, 1875లో ప్రాథమిక విద్యను ఉచితంగా, నిర్బంధంగా, చర్చి ప్రమేయం లేకుండా అందించాలని శాసించింది, 1879లో కొత్త రాజ్యాంగం తెచ్చింది ఆయన హయాంలోనే. అక్కడి కరెన్సీ అయిన కెట్సాల్‌లో అయిదు కెట్సాల్ నోటు మీద ఇప్పటికీ ఆయన బొమ్మే ఉంది. అదే మనిషి అక్కడి ఆదివాసులైన మాయా జనాన్ని బలవంతంగా కాఫీ తోటలకు తోలించాడని కూడా చదివాను. మొదట ఉదారవాదిగా వచ్చి, అధికారం తలకెక్కాక మారిపోయాడని అనుకోవచ్చా?

మొదటి సమాధానం

అలా అనుకోవడానికి తేదీలు ఒప్పుకోవు. విద్యా చట్టం 1875లో వస్తే, తోటలకు కూలీలను సమకూర్చి పెట్టమని జిల్లా అధికారులకు ఆదేశం 1876 నవంబరులోనే వెళ్లింది. ఉమ్మడి భూముల మీద శాశ్వత కౌలును రద్దు చేసిన శాసనం, కూలీల చట్టం రెండూ 1877లో వచ్చాయి. రాజ్యాంగం వచ్చింది ఆ తరువాతనే. కాబట్టి ఇవన్నీ ఒకే కార్యక్రమంలోని భాగాలని నా అభిప్రాయం.

కారణం పంటలో ఉంది. అంతకుముందు దేశాన్ని ఏలిన రఫాయెల్ కరేరా కాలంలో ప్రధాన ఎగుమతి కొచినీల్ అనే పురుగు నుంచి తీసే ఎర్రరంగు. దాన్ని ఆంటిగ్వా, అమాటిట్లాన్ పరిసరాల్లోని కొద్దిపాటి నేలలో పెంచితే సరిపోయేది, కాబట్టి మాయా గ్రామాల ఉమ్మడి భూముల జోలికి వెళ్లవలసిన అవసరం పెద్దగా ఉండేది కాదు. (అక్షరజ్ఞానం లేని అభివృద్ధి నిరోధకుడని ఉదారవాదులు ఎద్దేవా చేసిన కరేరా పాలనలోనే ఆ గ్రామాలు కొంత ఊపిరి పీల్చుకున్నాయన్నది చాలామందికి మింగుడుపడని విషయం.) కృత్రిమ రంగులు వచ్చి కొచినీల్ ధర పడిపోయాక కాఫీ దాని స్థానంలోకి వచ్చింది. కాఫీకి పసిఫిక్ వైపు కొండవాలుల్లో విస్తారమైన భూమి కావాలి, కోతల కాలంలో వేలాది చేతులు కావాలి. ఆ చేతులున్న ఎగువ ప్రాంతపు గ్రామాలకు సొంత మొక్కజొన్న చేలు ఉన్నందువల్ల వారు కూలికి తమంతట తాము దిగివచ్చేవారు కారు. బార్రియోస్ కూడా పశ్చిమాన సాన్ మార్కోస్ ప్రాంతంలో పుట్టినవాడే, స్వయంగా తోటల యజమానే. తన వర్గానికి ఏది కావాలో ఎవరూ ఆయనకు చెప్పనక్కరలేదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, 1877 నాటి 177వ శాసనం కింద పని ఎలా సాగేదో వివరిస్తాను. తోట యజమాని తనకు ఇంతమంది కావాలని జిల్లా అధికారికి అర్జీ పెట్టుకుంటాడు. అధికారి ఫలానా గ్రామం పేరు మీద తాఖీదు జారీ చేస్తాడు. ఆ గ్రామపెద్దలు మనుషులను పోగుచేసి, రోజుల తరబడి నడిపించి తోటకు చేర్చాలి. స్పానిష్ వలస పాలనలో ఉన్న పద్ధతినే దాదాపుగా తిరిగి నిలబెట్టారు.

అసలు మెలిక మరొకటి ఉంది. తోట యజమాని దగ్గర ముందే బయానా పుచ్చుకుని అప్పుపడిన కూలీని తాఖీదు కింద తీసుకుపోరాదు. ప్రతి కూలీ దగ్గరా ఒక చిన్న పద్దుపుస్తకం ఉండేది. అందులో పుచ్చుకున్న బయానా ఎంతో, పనిచేసి తీర్చినది ఎంతో రాసేవారు. ఆ అంకెలు వేసేది యజమాని మనిషి, చదవలేనిది కూలీ. అయినా ఎక్కడికి తోలుతారో తెలియని తాఖీదు కన్నా తెలిసిన తోటలో అప్పే నయమని ఎందరో బయానా పుచ్చుకున్నారు. ఈ శాసనానికి అసలు బలం కొరడాలో కంటే ఈ పద్దుపుస్తకంలోనే ఉందని నేననుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే మధ్య అమెరికా దేశాలను ఏకం చేయాలన్న ఆయన ప్రయత్నాన్ని కూడా కాఫీతోనే వివరించగలమా?

మూడవ సమాధానం

పూర్తిగా వివరించలేమని నా అభిప్రాయం, అక్కడే మొదటి సమాధానంతో నాకు కొంత విభేదం ఉంది. రైలు సంగతి వేరు. సాన్ హోసే రేవు నుంచి ఎస్కుయింట్లాకు 1880లో, రాజధానికి 1884లో చేరిన ఆ దారి కాఫీ మూటల కోసమే. బార్రియోస్ ప్రభుత్వం చర్చి ఆస్తులను స్వాధీనం చేసుకోవడంలో కూడా భూమి లెక్క కొంత ఉంది. కానీ 1885 ఫిబ్రవరి 28న మధ్య అమెరికాలోని అయిదు దేశాలూ ఒక్కటేనని, వాటి ఉమ్మడి సైన్యానికి తానే అధిపతినని ఏకపక్షంగా ప్రకటించడం వల్ల ఏ తోట యజమానికి లాభం? అది 1830లలో మధ్య అమెరికా సమాఖ్యకు అధ్యక్షుడైన మొరసాన్ నాటి కలకు కొనసాగింపు, దానికి తోడు సొంత అహంకారం.

హోండురాస్ ఒక్కటే వెంట నిలిచింది. ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు సాల్దీవర్, బార్రియోస్‌కు మిత్రుడే అయినా, ఎదురు తిరిగాడు. నికరాగువా, కోస్టారికా అతని పక్షం చేరాయి, మెక్సికో కూడా వ్యతిరేకించింది. ఏప్రిల్ 2న సాల్వడార్ నేల మీద చల్చువాపా దగ్గర బార్రియోస్ యుద్ధంలో చనిపోయాడు, ఆ పోరులోనే ఆయన కొడుకు వెనాన్సియో కూడా. సమాఖ్య ప్రకటనను గ్వాటెమాలా శాసనసభ వెంటనే రద్దు చేసింది.

కూలీల శాసనానికి మాత్రం ఆ తొందర ఎవరూ చూపలేదు. అప్పు కింద కట్టి పనిచేయించే పద్ధతిని 1934లో అప్పటి అధ్యక్షుడు హోర్హె ఉబీకో రద్దు చేసేనాటికి బార్రియోస్ పోయి దాదాపు యాభై ఏళ్లు. అప్పుడు కూడా దాని స్థానంలో, చాలినంత భూమి లేనివాడు ఏటా ఇన్ని రోజులు కూలికి వెళ్లినట్టు రుజువు చూపాలనే దేశదిమ్మరుల చట్టం వచ్చింది. ఆ రుజువు కోసం కూలీ మళ్లీ జేబులో ఒక పుస్తకం పెట్టుకుని తిరగవలసి వచ్చింది.