అప్‌డేట్: చెరువు పక్క ఆరెకరాల లేఅవుట్‌కి పర్యావరణ అనుమతి కావాలా?

హైదరాబాద్ శివార్లలోని మా ఆరెకరాల గురించి అడిగింది నేనే. పర్యావరణ అనుమతి అక్కర్లేదట, 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ కట్టడాలకైతే 20,000 చదరపు మీటర్ల బిల్టప్ ఏరియా నుంచి, లేఅవుట్ లాంటి ఏరియా డెవలప్‌మెంట్‌కైతే 50 హెక్టార్ల నుంచి వర్తిస్తుంది, మాది రెండున్నర హెక్టార్లు కూడా లేదు. అసలు తలనొప్పంతా ఎఫ్‌టీఎల్‌తోనే, అంటే చెరువు నిండా ఉన్నప్పుడు నీళ్లు వచ్చే హద్దుతో. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఆ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని జాగా), చిన్నదైతే 9 మీటర్లు. మాది పెద్ద చెరువే, ఏం చేస్తాం. ఇరిగేషన్ వాళ్లు కొలిచి రాళ్లు పాతితే ఒకటి సరిగ్గా మా బోరు పక్కనే పడింది, చెరువు వైపు ప్లాట్ల వరస మొత్తం ఎగిరిపోయింది. బ్రోకరేమో "ఎండాకాలం అక్కడ చుక్క నీళ్లుండవు కదండీ" అని ఇంకా వాదిస్తున్నాడు, ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి గీత అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఆ ముక్క గ్రీన్ బెల్ట్‌కి వదిలేసి ప్లాన్ మళ్లీ గీయిస్తున్నాం, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఫైలు ఇంకా నడుస్తోంది.