కుక్క తిరిగే పెరట్లో ఎరువులు, పురుగుమందులు: ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: మా గులాబీలకు పురుగుమందు కొట్టాలి. నత్తల బెడద కూడా ఉంది. ఏడాది వయసున్న మా కుక్క రోజంతా మొక్కల మధ్యే తిరుగుతుంది. నిన్న ఎముకల పొడి వేసిన కుండీని తవ్వేసింది. మందు చల్లాక దాన్ని ఎంతసేపు లోపల ఉంచాలి? ఎరువులన్నీ సేంద్రియమైనవే కాబట్టి వాటితో భయం లేదనుకోవచ్చా?

జవాబు: రెండో ప్రశ్న ముందు చూద్దామండీ, ఎక్కువమంది ఏమరుపాటుగా ఉండేది అక్కడే. మందు కొట్టేటప్పుడు అందరూ కుక్కను లోపల కట్టేస్తారు. ఎరువు సంచి మాత్రం మూతి విప్పి గోడవారన పడి ఉంటుంది. ఎముకల పొడి వాసన కుక్కకు తిండి వాసనే. ఎక్కువ తింటే కడుపులో గట్టి ముద్దగా మారి అడ్డుపడవచ్చు. ఆముదం పిండి ఇంకా ప్రమాదకరం. విషం పూర్తిగా పోయేలా శుద్ధి చేయని పిండిలో రైసిన్ ఉంటుంది, దానికి విరుగుడు లేదు. లక్షణాలు కనిపించడానికి ఒక్కోసారి రెండు రోజులు కూడా పట్టవచ్చు. కుక్క ఉన్న ఇంట్లో ఆముదం పిండి అసలు వాడవద్దు, ఎంత లోతున కలిపినా తవ్వుతుంది. వంటింటి చెత్తతో కంపోస్టు చేస్తుంటే గట్టి మూత ఉండాలి. బూజు పట్టిన ఆహారంలోని విషాలకు కూడా కుక్కలకు వణుకు, మూర్ఛ వస్తాయి.

నత్తల మందు కొనేముందు డబ్బా మీద మెటాల్డిహైడ్ అని ఉందేమో చూడండి. నత్తలు తినడానికి ఆ గుళికల్లో తవుడు లాంటివి కలుపుతారు, కుక్కకూ అవి రుచిగానే ఉంటాయి. తిన్న అరగంట నుంచి మూడు గంటల్లోపే వణుకు, మూర్ఛ, విపరీతమైన జ్వరం మొదలవుతాయి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు అంతకంటే నయమే కానీ, కుక్క డబ్బా ఖాళీ చేస్తే అవీ విషమే. రాత్రి తడి గోనెసంచి నేల మీద పరిచి, పొద్దున్నే దాని కింద చేరిన నత్తలను ఏరేయడం నాకు నచ్చిన పద్ధతి.

ఇక పిచికారీ. మందు చల్లాక కుక్కను ఎంతసేపు దూరంగా ఉంచాలనేదానికి డబ్బా మీద రాసిన గడువే ప్రమాణం. గడువు తీరినా ఆకులు, నేల పూర్తిగా ఆరేదాకా వదలవద్దు, తేమ రోజుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. తడి నేల మీద నడిచిన కుక్క తర్వాత పాదాలు నాక్కుంటుంది, మందు కడుపులోకి వెళ్లే దారి అదే. నీళ్ల గిన్నె, బొమ్మలు ముందే తీసేయండి. చాలామంది మరిచిపోయేది కుండీ కింది పళ్లెం. మందు కలిసిన నీళ్లు అందులోకే దిగుతాయి, దాహం వేస్తే కుక్క తాగేదీ అవే.

అడిగినవారు: ధన్యవాదాలండీ. పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించమని పక్కింటివారు అంటున్నారు.

జవాబు: ఉప్పునీళ్లు పట్టవద్దు. ఒంట్లో ఉప్పు పెరిగిపోయి దానివల్లే ప్రాణం పోవచ్చు. పాలు, నూనె కూడా వద్దు. వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, ఎరువు సంచి కూడా పట్టుకెళ్లండి. ఆ కుండీలో పురుగుమందు కూడా వేసి ఉంటే తప్పక చెప్పండి. చొంగ కారడం, కళ్ల వెంట నీరు, కంటిపాప చుక్కలా కుంచించుకుపోవడం, వణుకు కనిపిస్తే అది పురుగుమందు పని కావచ్చు, దానికి చికిత్స వేరు.

ఇంకొక సభ్యురాలు: ఎలుకల మందు గురించి కూడా చెప్పాలి. బ్రోమాడియోలోన్ వంటివి తిన్న కుక్క మూడు నాలుగు రోజులు మామూలుగానే తిరుగుతుంది, ఆ తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. తిన్నదని తెలిసిన రోజే వెళ్తే విటమిన్ కె1తో కాపాడవచ్చు. హుషారుగానే ఉంది కదా అని ఆగవద్దు.